ఎగువకి పారే నెత్తురు

మొన్న నాకు గెడ్డం గీస్తూ అతని మేనల్లుడు, అతను పోయాడని చెప్పాడు. "చేను గట్టు మీద నడిచెళ్తా నడిచెళ్తా కూర్చుండిపోయేరండి మా మావయ్య. మరి లేవలేదు," అన్నాడు. చెప్పి, కత్తి ఆపి, నా ముఖంలోకి చూశాడు. ఆ కబురు విన్నవాళ్ళందరూ ఒక మంచి మాట అంటున్నారు. నేనూ అంటానని ఆగాడు. నేను అనలేదు. రెండో దవడ గియ్యమన్నాను.

ఆ పూట అనని మాట ఇప్పుడూ అనబోవడం లేదు. అతను చెడ్డవాడని చెప్పడం నా ఉద్దేశం కాదు. రాజోలు నుంచి సముద్రం దాకా ఎన్ని ఊళ్ళలో ఎన్ని ప్రాణాలు నిలిపాడో నాకూ తెలుసు. కాని నాకు జరిగినది ఒకటుంది. అది ఎవరూ చెప్పుకోరు. అతని పేరు రాయను. పేరు కనబడితే చాలు, అతని మంచితనం చెప్పడానికి పదిమంది బయల్దేరతారు. నా మాట వాళ్ళ మాటల కింద పడిపోతుంది.

అతను మా ఊరి మంగలి. క్షౌరం చేయడం, గడ్డలు కోయడం, ఒళ్ళు పోటెత్తినవాళ్ళకి మోచేతి మడతలో నరం గాటు పెట్టి నెత్తురు తీయడం తాతల నాటి నుంచి వాళ్ళ పని. పొట్టి మనిషి. గొంతు మెత్తన. ఆ మెత్తని గొంతుతో అతను అన్న మాటలు ఎంత గట్టిగా తగిలేవో పడ్డవాళ్ళకే తెలుసు. ఎవరు ఎదురుపడినా ముఖం చూసేవాడు కాదు. ముందు పాదాలు చూసేవాడు, తరవాత చీలమండలు, పిక్కలు, అక్కణ్ణుంచి చేతులు. ముఖం ఆఖరున. పెద్దవాళ్ళకి దండం పెట్టినా అంతే. కళ్ళు వాళ్ళ కాళ్ళ మీదే ఉండేవి కాబట్టి అది వినయమనుకునేవారు. అది వినయం కాదు. ఆ కాళ్ళలో నరాలు లెక్కపెట్టుకుంటూ ఉండేవాడు.

ఒకచోట నిలబడేవాడు కాదు. గీస్తున్నంతసేపూ మడమలు ఎత్తుతూ దించుతూ ఉండేవాడు. చేయి మాత్రం చెదిరేది కాదు. ఎవరైనా ఊరికే నిలబడి ఉంటే చూడలేకపోయేవాడు. ఓ పెళ్ళిలో గుమ్మం దగ్గర పేర్లు చెప్పించడానికి పెళ్ళికొడుకుని ఆడవాళ్ళు పాటలు పాడుతూ చాలాసేపు ఆపేస్తే, ఇతను వెనకనుంచి, "పెళ్ళికొడుకుగారూ, పాట ఎంతసేపైనా వినండి గానీ మడమలు ఎత్తి దించుకుంటా వినండి," అన్నాడు. పందిరంతా నవ్వింది. పెళ్ళికొడుకు నిజంగానే మడమలెత్తాడు. అప్పుడు ఇంకా నవ్వారు.

నిలబడితే ఏమవుతుందని అడిగితే ఎప్పుడూ ఒకే మాట చెప్పేవాడు. "గుండె తోసి పంపుతాదండి. అంతవరకే దాని పని. ఎనక్కి రమ్మని పిలవలేదు. ఎనక్కొచ్చేది పిక్కలు పిండితేనే వస్తాది." ఏతం తొక్కేవాళ్ళ కాళ్ళు చూడమనేవాడు. రోజంతా నీళ్ళు తోడే ఆ ఏతం దూలం మీద కిందికీ మీదికీ నడుస్తారు, పిక్క మీద ఒక్క నరం ఉబ్బి ఉండదు. పడవలో చుక్కాని పట్టుకుని కదలకుండా నిలబడేవాళ్ళ కాళ్ళు చూడమనేవాడు. మోకాలి కింద పాములు చుట్టుకున్నట్టు ఉంటాయి. అది నిజమే. నేను చూశాను.

ఒకసారి శిస్తు బాకీల జప్తుకి అమీను వచ్చాడు. ఊరు ఊరంతా చేతులు కట్టుకుని ఎండలో నిలబడింది. ఇతనొక్కడూ మడమలు ఆడిస్తున్నాడు. బంట్రోతు అది చూసి, ఏమిట్రా ఆ గెంతులని గదిమాడు. ఇతను చేతులు కట్టుకునే, "పెద్దల ముందు కదలకూడదని నాకు తెలుసండి. నా నెత్తురుకి తెలీదు. నిలబెడితే కాళ్ళలోకి దిగి కూర్చుంటాది. ముందటేడు ఇక్కడే ఓ ముసలాయన నిలబడి నిలబడి పడిపోయేరండి. ఆరి తలకి ఎక్కాల్సిన నెత్తురు కాళ్ళలోనే ఉండిపోయింది," అన్నాడు. అమీను అందర్నీ చెట్టు నీడన కూర్చోమన్నాడు. ఆ నీడలో నేనూ కూర్చున్నాను. కాదనను.

అలాంటి మనిషికి నాతో ఏం పని అంటారా? నేను నీళ్ళవాణ్ణి కావడమే నా తప్పు.

నదికి ఆనకట్ట కట్టాక, గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలువ దాటించి మా లంకలోకి నీళ్ళు తెచ్చారు. మా ఊరికి ఒక తూము వచ్చింది. దాని తలుపు ఎత్తడం, దించడం, ఎవరి చేనుకి ఏ పూట నీరు పోవాలో వంతులు రాయడం నాకు అప్పజెప్పారు. నాకు నాలుగు అక్షరాలు వచ్చు, పక్షపాతం లేదు, ఎవరి మొహమాటానికీ లొంగను. కొత్త నీళ్ళ సంగతి మా రైతులకి అంతగా తెలీదు. నేనే నేర్పాను. గట్టుకి గండి పడితే గండి దగ్గర మట్టి వేస్తూ కూర్చోకూడదు, ముందు ఎగువకి పరిగెత్తి అక్కడ కట్టెయ్యాలి, ఎగువ మూస్తే దిగువ దానంతటదే ఆగుతుంది. ఈ మాట నేను వందసార్లు చెప్పి ఉంటాను. చెప్పి రెండు మూడు సార్లు ఊరి పంట కాపాడాను కూడా.

ఒక ఉదయం తూము దగ్గర రైతులు పోగయ్యారు. వంతుల దగ్గర ఏదో తగువు. అతను అక్కడే గట్టు మీద నాకు గెడ్డం గీస్తున్నాడు. ఒక పక్క అయింది. నేను అలాగే కూర్చుని, నీరెప్పుడూ ఎగువనుంచే వస్తుంది, ఎగువవాడి వంతు అయ్యాకే దిగువవాడిదని వాళ్ళకి సర్దిచెబుతున్నాను. అతను కత్తి ఆపాడు.

"బాబుగారూ, తమరి ఒంట్లో అలా పారదండి," అన్నాడు.

నేను పట్టించుకోలేదు. అతను నా కుడిచేయి పట్టుకున్నాడు. పట్టుకోమని నేను చెప్పలేదు. భుజం మీది తుండుగుడ్డ తీసి నా మోచేతి పైన బిగించాడు. ముంజేతి మీద నరం ఉబ్బింది. రైతులు తగువు మానేసి దగ్గరికి జరిగారు. అతను మణికట్టుకి కొంచెం పైన ఒక వేలితో నరాన్ని నొక్కిపెట్టాడు. రెండో వేలితో అక్కణ్ణుంచి మోచేతి వైపు తుడిచాడు. తుడిచినంత మేరా నరం ఖాళీ అయి చర్మంలో కలిసిపోయింది. ఆ పై వేలు తీసేశాడు. పైన అంత నెత్తురు ఉబ్బి ఉంది గదా, కిందికి జారలేదు. నరంలో చిన్న కణుపులాంటి చోట ఆగిపోయింది.

"అక్కడ తలుపుందండి. మీదికెళ్ళనిస్తాది, కిందికి రానీదు," అన్నాడు. తరవాత కింది వేలు తీశాడు. కిందినుంచి నరం సర్రున నిండింది.

"ఊరి నీళ్ళన్నీ తమరి చేతిలో ఉన్నాయి. తమరి చేతిలో నెత్తురు ఎటెళ్తుందో మాత్రం తమరికి తెలీదండి. ఇప్పుడు చెప్పండి, ఎగువ ఎటు?"

గట్టంతా నవ్వింది. పంటి సందులోంచి నవ్వినవాడు నవ్వాడు, కూలబడి నవ్వినవాడు నవ్వాడు. అతను కత్తి మడిచి, "తేల్చుకుని చెప్పండి, అప్పుడు రెండో పక్క గీస్తాను," అన్నాడు.

గీసేవాడే. వేళాకోళానికి అన్నాడు. అది నాకూ తెలుసు. కాని నేను లేచాను. సగం గెడ్డంతో ఊరి నడిమధ్యగా ఇంటికి వెళ్ళాను. మర్నాడు అదే సగం గెడ్డంతో రాజోలు నడిచి, అక్కడి మంగలి చేత గీయించుకున్నాను. ఆ తరవాత రెండేళ్ళకి పైగా రాజోలులోనే గీయించుకున్నాను. వానాకాలంలో ఒక్కోసారి మోకాలి లోతు నీళ్ళలో వెళ్ళాను. పంటకి ఊరి మంగలికి ఇవ్వాల్సిన ధాన్యం మాత్రం మానలేదు. మానితే తప్పు నా వైపుకి వస్తుంది.

ఊరు నన్ను వదల్లేదు. తూము తలుపు మీద చెయ్యి వెయ్యగానే ఎవడో ఒకడు, "ఇవాళ ఎగువ ఎటండీ?" అనేవాడు. నేను ఏ మాట చెప్పినా దాని చివర అది అతికించేవారు. అతను తెలిసిందే చెప్పాడు కదా, నవ్వితే ఏమైందని మీరు అనొచ్చు. తెలిసిన మాట చెప్పడానికి ఎన్ని దారులున్నాయి! గీయడం అయ్యాక చెప్పొచ్చు. నలుగురూ వెళ్ళాక చెప్పొచ్చు. నేను మొండివాణ్ణే గాని బుద్ధిలేనివాణ్ణి కాను. నా చేతి మీద నేను చూసిన దాన్ని నమ్మకుండా ఉండేవాణ్ణి కాను. ఆ నవ్వు లేకపోతే ఆ ఉదయం నేను అతన్ని ఇంకా నాలుగు ప్రశ్నలు అడిగేవాణ్ణి. ఆ ప్రశ్నల్లో ఒకటి మా అమ్మ కాళ్ళ గురించి అయి ఉండేది.

మా అమ్మకి ఎనిమిది కాన్పులు. నాన్న పోయాక ఇల్లంతా ఆవిడ కాళ్ళ మీదే నిలబడింది. దంచడం, వండడం, చల్ల చిలకడం, అన్నీ నిలబడి చేసే పనులే. మోకాళ్ళ కింద నరాలు నల్లేరు కాడల్లా కణుపులు కణుపులుగా ఉబ్బి ఉండేవి. సాయంత్రమయ్యేసరికి పాదాలు దిబ్బరొట్టెల్లా అయ్యేవి. బరువుగా ఉన్నాయిరా అనేది. అంతకుమించి అనేది కాదు.

నేను రాజోలు వెళ్ళిన ఒక రోజు, నా వెనకాల అతన్ని పెరట్లోకి పిలిపించుకుంది. నాకా సంగతి తరవాత తెలిసింది. ఇంటికి వచ్చి చూస్తే వసారాలో వెల్లకిలా పడుకుని, కాళ్ళు రెండూ కొబ్బరికాయల పోగు మీద పెట్టుకుని ఉంది. కాళ్ళకి వేళ్ళ దగ్గర్నుంచి మోకాలి దాకా పాతచీర చింపిన పేలికలు చుట్టి ఉన్నాయి. ఇదేమిటన్నాను. దాచలేదు. "అతను చెప్పేడ్రా. కింద బిగువుగా, మీదికి వదులుగా చుట్టుకోమన్నాడు. గుండెకంటే కాళ్ళు ఎత్తులో ఉండాలంట. నాకు హాయిగానే ఉంది," అంది.

అతని చేయి పడిన కట్టు అది. నా ఇంట్లో, మా అమ్మ కాలికి. నేను కూర్చుని ఒక్కొక్క పేలికా విప్పాను. కాలికి కట్లు కడితే నెత్తురు కిందికి ఎలా దిగుతుంది, పాదాలు చచ్చిపోవా అన్నాను. వీధిలోకి కాళ్ళు చాపుకుని ఎత్తుగా పెట్టుకుంటే వచ్చేపోయేవాళ్ళు ఏమనుకుంటారన్నాను. ఆవిడ నా వంక చూసింది. కొడుకుతో వాదించే మనిషి కాదు. పేలికలు చుట్టచుట్టి అటక మీద పెట్టేసింది.

ఆ తరవాత ఎన్ని నెలలో నేను లెక్కపెట్టలేదు. ఓ పొద్దున్న దొడ్లో రాలిన కొబ్బరిమట్టని ఈడుస్తుంటే, దాని అంచు చీలమండ పైన గీరుకుంది. పెద్ద దెబ్బ కాదు. నొప్పి కూడా లేదంది. కాని ఉబ్బిన నరం మీద తగిలింది. నేను వెళ్ళేసరికి నెత్తురు సన్నటి ధారగా, చప్పుడు లేకుండా, మూరెడు దూరం చిమ్ముతోంది. ఆవిడ అరుగు మీద కాలు వేలాడేసి కూర్చుని, ఎవరిదో కాలు చూస్తున్నట్టు చూస్తోంది. నా భార్య గుడ్డ పెట్టింది. గుడ్డ తడిసిపోయింది.

గండి పడితే ఏం చెయ్యాలో ఆ ఊళ్ళో నాకంటే ఎక్కువ తెలిసినవాడు లేడు. నేను కొబ్బరితాడు తెచ్చాను. మోకాలి పైన రెండు చుట్లు వేసి బిగించబోయాను.

"పైన కట్టొద్దన్నాడ్రా అతను," అంది అమ్మ. "ఎప్పుడన్నా చిట్లితే పడుకోబెట్టి కాలు పైకెత్తి, దెబ్బ మీదే వేలు పెట్టమన్నాడు."

"నీళ్ళాపడం నాకు వాడు నేర్పక్కర్లేదు," అన్నాను. బిగించాను.

ధార ఎక్కువైంది. ఎగువ ఇంకా సరిగ్గా మూతపడలేదనుకున్నాను. ఇంకొంచెం పైన ఇంకో తాడు కట్టాను. కాలు కిందికే ఉంచమన్నాను, ఎత్తితే పైనున్నది కూడా కారిపోతుందని. నరాలు బొటనవేలంత లావున ఉబ్బాయి. ఇంతట్లో ఎవరో అతని కోసం పరిగెత్తారు. నేను పంపలేదు. అతను కాలువ అవతల ఎక్కడో గీస్తున్నాడు. వచ్చేసరికి అరుగు కింద మడుగు కట్టింది. అమ్మ నా భార్యతో, నలుగురూ వస్తారు, ముందు అది కడిగెయ్యమ్మా అంది. ఆవిడ ఆఖరున అన్న మాట అదే.

అతను నా వంక చూడలేదు. మంగలిపొదిలోంచి కత్తి తీసి రెండు తాళ్ళూ కోశాడు. అమ్మని అరుగు మీదే వెల్లకిలా పడుకోబెట్టి, కాలు ఎత్తి తన భుజం మీద పెట్టుకున్నాడు. దెబ్బ మీద బొటనవేలు ఉంచాడు. అదిమినట్టు కూడా లేదు, ఊరికే ఉంచినట్టు ఉంది. నెత్తురు ఆగిపోయింది. అంతసేపు రెండు తాళ్ళకి ఆగనిది ఆ ఒక్క వేలికి ఆగిపోయింది. ఉబ్బిన నరాలు నా కళ్ళముందే చర్మంలోకి అణగిపోయాయి.

అలా కాలు భుజం మీద పెట్టుకుని చాలాసేపు మోకాళ్ళ మీద ఉన్నాడు. అంతసేపూ అతను కదల్లేదు. పొద్దు నడినెత్తికి రాకముందే అమ్మ చేయి చల్లబడింది. అప్పుడు కాలు దించి, పాదాలు రెండూ దగ్గరికి చేర్చి, వెళ్ళిపోయాడు.

పదోరోజు తలక్షౌరం ఊరి మంగలే చెయ్యాలి. అది అతని హక్కు. రాజోలు మనిషికి నేనెంత ఇస్తానన్నా రాడు. కాలువ రేవులో తల వంచుకుని అతని ముందు కూర్చున్నాను. రెండేళ్ళు తప్పించుకున్న కత్తి కిందికి మా అమ్మ నన్ను తీసుకొచ్చిందనుకున్నాను. నా బంధువులు కొంచెం ఎడంగా ఉన్నారు. అతను తల గీశాడు. మీసం తీశాడు. గెడ్డం ఒక పక్క, రెండో పక్క గీశాడు. ఆ రెండో పక్క గీసేటప్పుడు ఏమైనా అంటాడని ఒళ్ళంతా చెవులు చేసుకున్నాను. అనలేదు. అప్పుడు నేనే అడిగాను.

"నేను కట్టకపోతే బతికేదా?"

కత్తి నీళ్ళలో ముంచి, బట్టతో తుడిచాడు. "లేదండి. అమ్మగారి ఆయుస్సు అంతవరకే. అంత పెద్ద నరం చిట్లితే ఎవరి తరమూ కాదండి. మీరు కట్టబట్టి కాదు," అన్నాడు.

అతను అబద్ధం చెప్పాడు. నాకు తెలుసు. ఆ బొటనవేలు నేను చూశాను. ఈ మనిషి ఎవరికీ మాట తగ్గించి చెప్పినవాడు కాడు. పుండు ముదిరాక కొడుకుని తీసుకొచ్చిన ఒక పెద్ద రైతుని పదిమందిలో, నీ బద్ధకమే ఈ కాలు తింటోందని అన్నవాడు. కాన్పు కష్టమైన ఇంట్లో గుమ్మంలోనే నిలబడి, ఆశ పెట్టుకోకండని చెప్పినవాడు. ఊళ్ళో ఎంత పెద్దవాడికైనా ఉన్నదున్నట్టు చెప్పేవాడు. నా ఒక్కడి దగ్గరికి వచ్చేసరికి మాటకి మెత్తటి గుడ్డ చుట్టాడు. గట్టు మీద నవ్వులపాలు చేసినప్పుడు నన్ను తనకి సరిజోడుగా అయినా చూశాడు. ఈ పూట నిజం మోయలేనివాడి కింద జమకట్టేశాడు. అది మొదటిదానికంటే పెద్ద అవమానం. రెంటినీ నేను మర్చిపోలేదు.

తరవాత మూడేళ్ళకి కాబోలు, నరసాపురంలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళాలని సఖినేటిపల్లి రేవుకి వెళ్ళాను. వసిష్ఠ పాయ పోటు మీద ఉంది, పడవ అవతలి ఒడ్డునే ఉంది. రేవులో కొబ్బరికాయల గోనెలు పేర్చి ఉన్నాయి. వాటి నీడలో కూర్చుందామని వెళితే అవతలి పక్కనుంచి అతని గొంతు వినిపించింది. తొంగి చూశాను. చుక్కాని పట్టే ముసలివాడొకడు కాలు చాపుకుని కూర్చున్నాడు. ఆ కాలు అతని ఒళ్ళో ఉంది. చుట్టూ పడవవాళ్ళు ఏడెనిమిదిమంది.

"ఇది చిట్లిందనుకోండి," అంటున్నాడు. "మీరేం చేస్తారు?"

ఒకతను, పైన గట్టిగా తాడేస్తామండి అన్నాడు.

"చంపేసినట్టే," అన్నాడు అతను. నవ్వలేదు. అదే మెత్తని గొంతు. "కాల్లోకి వచ్చే నెత్తురు లోతుగా, ఎముక పక్కనించి, గుండె తోపు మీద వస్తాది. మీ తాడుకి అందదు. తిరిగెళ్ళే నెత్తురు చర్మం కిందనే, నిదానంగా ఎల్తాది. తాడు దాన్నే పట్టుకుంటాది. వచ్చేది వస్తానే ఉంటాది, ఎళ్ళే దారి మూసేసేరు. మరి ఎక్కడికెళ్తాది? చిట్లినచోటే బయటికొస్తాది. కాలవకి పనికొచ్చేది కాలికి పనికిరాదు. పడుకోబెట్టండి. కాలెత్తండి. ఏలు పెట్టండి. కట్టాలంటే ఆ దెబ్బ మీదే గుడ్డ పెట్టి కట్టండి. అంతే."

పడవవాళ్ళ చేత ఒక్కొక్కరి చేతా చేయించాడు. ముసలివాణ్ణి ఏడెనిమిదిసార్లు పడుకోబెట్టారు, లేపారు. తప్పు పెట్టినవాణ్ణి వేళాకోళం చెయ్యలేదు. మళ్ళీ చూపించాడు. అంత ఓపిక ఆ మనిషిలో ఉందని నాకు అప్పటిదాకా తెలీదు. ఒకతను, తాడేస్తే పోయినవాళ్ళని తమరు చూసేరా అండీ అని అడిగితే, "ఓ ఊళ్ళో ఓ తల్లి పోయేరు. అప్పుడు చూసేను," అన్నాడు. ఊరి పేరు చెప్పలేదు. కొడుకు మాట ఎత్తలేదు.

పడవవాళ్ళు లేచి వెళ్ళాక నేను గోనెల పక్కనుంచి వచ్చి అతని ముందు నిలబడ్డాను. ముందు నా పాదాలు చూశాడు. చూడగానే గుర్తుపట్టాడు.

"వాళ్ళకి చెప్పింది ఆ రోజు నాకెందుకు చెప్పలేదు? కట్టబట్టి కాదన్నావే," అన్నాను.

"అమ్మగారు అప్పటికే పోయేరు కదండీ," అన్నాడు. "తమరికి నిజం చెబితే ఎవరు బతుకుతారండి? ఈళ్ళకి చెబితే, ఈళ్ళ అమ్మలు ఇంకా ఉన్నారు."

అతనికి ఆ జవాబు సిద్ధంగా ఉంది. నాది కూడా ఎన్నో ఏళ్ళనుంచి సిద్ధంగానే ఉంది.

"నా చేయి పట్టుకుని పదిమందిని నవ్వించిన రోజున మా అమ్మ ఉంది," అన్నాను. "ఇవాళ వీళ్ళకి చెప్పినట్టు ఆ రోజు నాకు చెప్పి ఉంటే నేను వినేవాణ్ణి. నువ్వు నాకు నేర్పలేదు, నన్ను నవ్వులపాలు చేశావు. వాళ్ళ నవ్వు చెవుల్లో మోగుతుంటే మా అమ్మ చెప్పిన నీ మాట నాకెలా వినబడుతుంది?"

అతను వాదిస్తాడనుకున్నాను. మీ మొండితనానికి నాదా తప్పు అంటాడనుకున్నాను. ఆ మాట అనే హక్కు అతనికి ఉంది, దానికీ నా దగ్గర జవాబుంది. అతను తల ఎత్తి, ఆ పూట మొదటిసారి నా ముఖం చూశాడు.

"ఆయ్," అన్నాడు. "అది నిజమేనండి. కత్తి పట్టుకున్నప్పుడల్లా అనుకుంటాను."

అంతే అన్నాడు. ఒప్పేసుకున్నవాడితో ఏం తగువు పడతాం? తప్పు ఒప్పుకుంటే మా అమ్మ వస్తుందా? రాదు. అతను ఒప్పుకున్నాడు కాబట్టి నా వంతు కూడా నేను ఒప్పుకోవాలి. అక్కడ అతను దానికే ఆగి ఉన్నాడేమో నాకు తెలీదు. నేను ఒప్పుకోలేదు.

పడవ వచ్చింది. జనం దిగారు, ఇవతలివాళ్ళు ఎక్కారు. అతను పొది చంకన పెట్టుకుని ఎక్కి, అంచున కూర్చున్నవాళ్ళని సర్దుకోమని చెప్పి, తన పక్కన నాకు చోటు చేశాడు. పడవవాడు గెడ పట్టుకుని నా కోసం ఆగాడు.

తరవాతి పడవకి వస్తానన్నాను. ఆ పూటకి అదే ఆఖరి పడవ అని మా ఇద్దరికీ తెలుసు.